ఎమ్మెల్యే వాట్సాప్ గ్రూపులు, రికార్డెడ్ కాల్స్, ఫ్లెక్సీలు... వీటికి ఓట్లు పడతాయా అసలు?

ఫ్లాట్_304:
అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీని నేను. నా నంబర్ ఎవరిచ్చారో తెలీదు కానీ మా ఎమ్మెల్యే పేరుతో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిట్లో నన్ను యాడ్ చేసేశారు. పొద్దున్నే శుభోదయం, తర్వాత సార్ ఎవరినో పరామర్శిస్తున్న ఫొటో, ఏదో పెళ్లిలో అక్షింతలు వేస్తున్న ఫొటో, సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కులు ఇస్తున్న ఫొటో, సాయంత్రానికి డ్రోన్ షాట్లు పాటా కలిపి ఒక రీల్. మొన్న మా వీధిలో డ్రైనేజీ పొంగుతోందని నేనూ ఒక ఫొటో పెట్టా, టీ తాగి వచ్చేలోపు గ్రూప్ సెట్టింగ్ మార్చేసి అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా చేశారు 😀 అది కాక వారానికోసారి "నేను మీ సేవకుణ్ణి మాట్లాడుతున్నా" అని రికార్డెడ్ కాల్. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది, ఇంత ఖర్చు పెట్టి చేస్తున్నారు కదా, దీన్ని చూసి ఓటేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

నాంపల్లి_టేషన్:
నేనైతే గుడ్ మార్నింగ్ మెసేజ్ చూసి రెండు ఓట్లేసిన భాయ్. ఒకటి నాది, ఇంకోటి మా తాతది, ఆయన పోయి ఎనిమిదేండ్లైంది.

(మాడరేటర్ గారూ, జోక్. డిలీట్ చెయ్యకుండ్రి.)

వార్‌రూం_మాజీ:
నేను ఒక కాండిడేట్ దగ్గర సోషల్ మీడియా టీమ్‌ల పనిచేసిన, ఏ పార్టీ అని అడగొద్దు, చెప్పను. 304 గారు, ఆ ఫొటోలు మీ కోసం కాదు. సగం పార్టీ పైవాళ్ల కోసం. సిట్టింగ్‌కు మళ్ల టికెట్ ఇయ్యాల్నా వద్దా అని సర్వేలు నడుస్తుంటయి, పైన ఎవరన్న పేజీ తెరిస్తే సార్ రోజూ జనంలనే ఉన్నట్టు కనపడాలె. మిగతా సగం ఆ ఫొటోల ఉన్నోళ్ల కోసం. పరామర్శకు పోయిన ఇంటోళ్లు, పెళ్లి చేసినోళ్లు ఆ ఫొటోను వాళ్ల స్టేటస్‌ల పెట్టుకుంటరు, వాళ్ల చుట్టాలు చూస్తరు, అసలైన రీచ్ అది. పేజీకి వచ్చే లైకులను మేమే లెక్కల తీసుకోకపోయేది, వాటిల్ల చానా మటుకు మేము కొట్టినవే.

ఫ్లెక్సీ కూడా అంతే. సార్ బొమ్మ ఎంత పెద్దగున్నా పైసలు సార్‌వి కావు, కింద మూలకు దండం పెట్టుకుంట నిలబడ్డ డివిజన్ లీడర్‌వి. ఆ ఫ్లెక్సీని చదవాల్సింది మీరు కాదు, ఆ రోడ్డు మీద కార్ల పోయే సార్. రేపు కార్పొరేటర్ టికెట్ అడగాలంటే నేనున్నా అని కనపడాలె కదా. ఎవరి ఫొటో ఎవరి పక్కన, ఎవరిది ఎంత సైజు అని జరిగే లొల్లులు మీకు తెల్వదు, ప్రింటింగ్ షాపాయన తల పట్టుకుంటడు.

రికార్డెడ్ కాల్ మాత్రం వేరే సంగతి. ఒకటి నొక్కండి రెండు నొక్కండి అని వచ్చిందనుకోండి, అది పబ్లిసిటీ అనుకుంటరు మీరు, కాదు, సర్వే అది. ఎవరు ఎంతసేపు విన్నరు, ఎక్కడ కట్ చేసిండ్రు, అన్నీ షీట్‌ల పడతయి.

ఫ్లాట్_304:
అంటే నేను కట్ చేసింది కూడా వాళ్లకి సమాచారమేనా!

వార్‌రూం_మాజీ:
అవ్. గట్టి సమాచారం.

పద్మారావునగర్_పెద్దాయన:
మా కాలంలో ఇవేవీ లేవు బాబూ. ఎన్టీఆర్ గారు 1982 మార్చి 29న ఇదే ఊళ్లో పార్టీ పెట్టారు, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు, మధ్యలో ఉన్నది తొమ్మిది నెలలే. పాత షెవర్లే వ్యానుని చైతన్యరథం చేసుకుని, హరికృష్ణ గారు నడుపుతుంటే ఊరూరా తిరిగి పైకెక్కి మాట్లాడేవారు. అప్పట్లో టీవీ అంటే దూరదర్శన్, రేడియో అంటే ఆకాశవాణి, రెండూ కేంద్రం చేతిలో ఉండేవి. కొత్త పార్టీకి అందులో చోటెవరిస్తారండీ, అందుకని రోడ్డెక్కారు. ఈనాడు అండ ఉందనుకోండి, అది వేరే విషయం. చెప్పింది కూడా ఎంతసేపూ రెండే ముక్కలు, కిలో బియ్యం రెండు రూపాయలు, తెలుగువారి ఆత్మగౌరవం. సభకి వెళ్లినవాడు ఇంటికొచ్చి భార్యకి అదే చెప్పేవాడు, ఒక్క పదం కూడా మార్చే అవసరం ఉండేది కాదు. ఇప్పటివాళ్లు చెప్పేది సభ నుంచి ఇంటికి వచ్చేలోపే మనం మర్చిపోతున్నాం.

కేపీహెచ్‌బీ_మూడో_ఫేజ్:
పెద్దాయన గారు చెప్పింది నిజమేనండి, కానీ సినిమా గ్లామర్ని పక్కన పెట్టి ఆలోచిస్తే 2003-04 ఇంకా బాగా అర్థమవుద్ది. చంద్రబాబు గారు అప్పటికే టీవీలో డయల్ యువర్ సీఎం చేశారు, ఊళ్లల్లో జన్మభూమి గ్రామసభలు పెట్టారు, కంప్యూటర్లూ వీడియో కాన్ఫరెన్సులూ అన్నీ ఉన్నాయి ఆయన దగ్గర, ఇండియాలో అంత హైటెక్కుగా జనంతో మాట్లాడిన ముఖ్యమంత్రి అప్పుడు ఇంకొకరు లేరేమో. అవతల రాజశేఖర రెడ్డి గారు 2003 ఏప్రిల్ ఎండల్లో మన పక్కనున్న చేవెళ్లలో మొదలెట్టి ఇచ్ఛాపురం దాకా నడుచుకుంటూ పోయారు, 1,500 కిలోమీటర్లకి కాస్త తక్కువ. దారి పొడుగునా రైతులు చెప్పింది కరువు, కరెంటు బిల్లులు. 2004లో గెలిచి ప్రమాణం చేసిన రోజున మొదటి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీద పెట్టారు. నా ఉద్దేశంలో ఆయన్ని గెలిపించింది నడక కాదండి, నడుస్తున్నప్పుడు తను మాట్లాడకుండా జనం చెప్పింది వినడం. డయల్ చేసి ఫోన్ కలిసినవాడు ఒక్కడు, మిగతా రాష్ట్రం అంతా టీవీ ముందు కూర్చుని చూసేది కదా.

తర్వాత చూడండి, అందరూ నడిచారు. 2012లో హిందూపురం నుంచి చంద్రబాబు గారే నడిచారు, 2017లో మొదలెట్టి జగన్ గారు 3,648 కిలోమీటర్లు, 2023లో కుప్పం నుంచి లోకేష్ గారు, ఇటు ఆదిలాబాద్ జిల్లా నుంచి ఖమ్మం దాకా భట్టి గారు. ఇప్పుడు పాదయాత్ర అంటే ముందు కెమెరా వ్యాను, వెనక బస చేసే బస్సు, మధ్యలో సెల్ఫీల లైను. పని చెయ్యదని అనట్లేదు, కానీ జనానికి కూడా తెలిసిపోయింది ఏ ఊళ్లో ఆగుతారో ఏ ముసలమ్మని పలకరిస్తారో.

ఫ్లాట్_304:
ఇవన్నీ ఊళ్ల కథలు కదండీ. హైదరాబాద్‌లో ఎవరు నడుస్తారు, నడిచినా మన గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు.

నాంపల్లి_టేషన్:
బండి సంజయ్ 2021ల చార్మినార్ భాగ్యలక్ష్మి గుడి కాడికెళ్లి మొదలువెట్టిండు కదనే. అంటే సిటీల మొదలయితయి, సిటీల ఉండయి 😂

పాతబస్తీ_పోరడు:
మా దిక్కు రండి భాయ్, చూపిస్త. దారుస్సలాంకు, అంటే మజ్లిస్ (ఎంఐఎం) పార్టీ ఆఫీసుకు, పొద్దున పోతే ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు కూర్చొని ఉంటరు, జనం కాగితాలు పట్టుకొని వరుసల నిలబడతరు. హాస్పిటల్‌ల బిల్లు తగ్గించాలె, కరెంటు మీటర్ పేరు మారలేదు, స్కూల్‌ల సీటు కావాలె, పోలీస్ స్టేషన్‌ల పిల్లగాన్ని కూసోబెట్టిండ్రు... ఏదన్న కానీ. లెటర్ రాసిస్తరు, లేకపోతే అక్కడికక్కడే ఫోన్ కొడతరు. అసద్ (ఒవైసీ) సాబ్ ఊర్ల ఉంటే ఆయన కూడా కూర్చుంటడు. పని అయిందా కాలేదా అన్నది తర్వాత, "నా మాట విన్నడు" అని ఇంటికి పోయి చెప్తరు. 2016 జీహెచ్ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) ఎలక్షన్‌ల మజ్లిస్‌కు 44 సీట్లు, 2020ల మళ్ల 44. బయట గాలి ఎటు మళ్లినా అక్కడ నంబర్ కదల్లే. టీవీల చూసేటోళ్లు అదంతా స్పీచ్‌ల వల్ల అనుకుంటరు. స్పీచ్ రాత్రి పది వరకే, కాగితం పని ఏడాదంతా.

అట్లని అంతా మంచిగుందని కాదు, నల్లా నీళ్లు టైమ్‌కు రావాలంటే కూడా ఒక మనిషి దగ్గరికి పోయి నిలబడాలె అంటే అది సిస్టమ్ ఫెయిలయినట్టే కదా. లైన్‌ల నిలబడి నిలబడి యువకులకు కూడా విసుగొస్తున్నది. నేను చెప్పేది ఏందంటే వాట్సాప్ గ్రూప్ కంటే అది మస్తు గట్టిగ పని చేస్తది.

లెక్కల_మాస్టారు:
ఇంతవరకు ఎవరూ పోలింగ్ శాతం ఎత్తలేదు. 2023 అసెంబ్లీ ఎలక్షన్లో రాష్ట్రమంతా కలిపి 71 శాతం, హైదరాబాద్ జిల్లాలో సగం కూడా దాటలేదు. 2020 జీహెచ్ఎంసీలో 46 శాతం చిల్లర. 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉపఎన్నికకి 58 మంది పోటీ, ఒక్కో బూత్‌లో నాలుగు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సొచ్చింది, మంత్రులే గల్లీల్లో తిరిగారు, అయినా 48 శాతం దగ్గరే ఆగింది.

ఇప్పుడు లీడర్ సైడ్ నుంచి లెక్క వేద్దాం. ఒక డివిజన్లో 40 వేల ఓట్లున్నాయనుకోండి, పడేవి 18 వేలు, ముగ్గురు నలుగురు పంచుకుంటే ఏడు ఎనిమిది వేలు తెచ్చుకున్నవాడు గెలిచేస్తాడు. ఆ ఎనిమిది వేల మంది ఎవరో తెలిస్తే మిగతా 32 వేల మందితో మాట్లాడాల్సిన పనేముంది? తెలుస్తుంది కూడా. అసెంబ్లీ ఎలక్షన్ అయ్యాక ఫారం 20 అని ఒకటి వస్తుంది, ఏ పోలింగ్ స్టేషన్‌లో ఎవరికి ఎన్ని ఓట్లో అందులో ఉంటుంది, ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఒక్కో స్టేషన్‌కి వెయ్యి, పన్నెండు వందల ఓట్లు, అంటే రెండు మూడు గల్లీలు లేదా మీ అపార్ట్‌మెంట్ల వరస. ఎవరు ఎవరికి వేశారో రహస్యమే, ఏ గల్లీ ఎటు వేసిందో మాత్రం రహస్యం కాదు. ఈవీఎంలని కలిపి లెక్కపెట్టే టోటలైజర్ పెడితే ఇది ఆగుతుందని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది, 2015లో లా కమిషన్ కూడా పెట్టమంది, ఇంతవరకు రాలేదు. ఎందుకు రాలేదో నేను చెప్పాలా.

304 గారూ, ఏమనుకోవద్దు, మీ అపార్ట్‌మెంట్లో పోయినసారి ఎంతమంది ఓటేశారు?

ఫ్లాట్_304:
...సెలవు కలిసొచ్చిందని చాలామంది ఊళ్లకి వెళ్లారు. కొందరి ఓట్లు ఆంధ్రాలో ఉన్నాయి. కానీ మేం ప్రాపర్టీ ట్యాక్స్ మొత్తం టైమ్‌కి కడతాం, ఓటెయ్యకపోతే డ్రైనేజీ బాగుచెయ్యరా?

రెండో_గల్లీ_అక్క:
చెయ్యాలె తమ్మీ, న్యాయంగనైతే చెయ్యాలె. కానీ మా బస్తీకి ఎందుకొస్తరో నేను చెప్తా విను. బోనాలకు వస్తరు, వినాయకుని కాడికి వస్తరు, బతుకమ్మకు లైట్లు పెట్టిస్తరు, ఎవరన్న సచ్చిపోతే పొద్దుగూకే లోపల మనిషి వస్తడు. మా గల్లీల ఒకామె ఉంటది, సంఘం లీడర్, ఆమె ఫోన్‌ల గల్లీ మొత్తం ఉంటది. ఎవరింట్ల పిల్ల పెండ్లి ఉంది, ఎవరికి పించను ఆగింది, ఎవరు అద్దెకు కొత్తగ వచ్చిండ్రు అన్నీ ఆమెకు తెలుసు. కార్పొరేటర్ మాట్లాడేది ఆమెతోని, ఆమె మాట్లాడేది మాతోని. మీకు వచ్చే గుడ్ మార్నింగులు మాకు రావు, ఆమెనే ఇంటికొస్తది.

ఇగ కల్యాణలక్ష్మి చెక్కు, ఆడపిల్ల పెండ్లికి సర్కారు ఇచ్చేది. 1,00,116 రూపాయలు. పించను పైసలు సప్పుడు లేకుండ పడతయి కదా, మరి ఈ చెక్కు ఎందుకు చేతికిస్తరు? ఫంక్షన్ హాల్‌కు పొద్దుగాల పదింటికి రమ్మంటరు, సార్ ఒంటిగంటకు వస్తడు, ఒక్కొక్కల్ని పిలిచి చెక్కు ఇచ్చి కెమెరా దిక్కు తిరగమంటరు. అప్పటిదాక సంటిపిల్లల ఎత్తుకొని కూసోవాలె. నేనైతే తిట్టుకుంట కూసున్న. కానీ ఆ ఫొటో మా చెల్లె ఇంట్ల గోడకు ఉన్నది ఇప్పటికీ, అది కూడా నిజమే.

లెక్కల_మాస్టారు:
అక్క చెప్పిన దానికి ఉల్టా ఉదాహరణ కూడా ఉంది. 2020 అక్టోబర్ వరదల తర్వాత కుటుంబానికి 10 వేలు ఇచ్చారు, నవంబర్‌లో జీహెచ్ఎంసీ ఎలక్షన్ రావడంతో మధ్యలో ఆగిపోయింది. డిసెంబర్ ఫలితాల్లో 2016లో 99 సీట్లున్న టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) 56కి పడిపోయింది, నాలుగు ఉన్న బీజేపీ 48కి వెళ్లింది. కారణాలు చాలా ఉన్నాయి, ఇదొక్కటే అనను.

రెండో_గల్లీ_అక్క:
పైసలు వచ్చినోళ్లు నెలకే మర్చిపోయిండ్రు. పక్కింటోళ్లకు వచ్చి తమకు రానోళ్లు ఇప్పటిదాక మర్చిపోలే.

కేపీహెచ్‌బీ_మూడో_ఫేజ్:
అక్కా ఈ ఒక్క లైను వార్‌రూం వాళ్లు గోడకి రాసి పెట్టుకోవాలి.

వార్‌రూం_మాజీ:
తెల్వక కాదు, తెలుసు. లబ్ధిదారుల లిస్ట్ మా దగ్గర ఉండేది, వాళ్లకు కాల్ చేసి "అన్నా పైసలు పడ్డయా" అని అడుగుడు ఒక పని. అసలు చేయాల్సింది లిస్ట్‌ల పేరు లేనోనికి కాల్ చేసుడు. అది ఎవరూ చెయ్యరు, వాడు తిడతడు కదా, కాల్ చేసే పిల్లలు ఏడుస్తరు.

ఇంకోటి, మాస్టారు చెప్పిన లెక్కకు తోడు, బీజేపోళ్ల పన్నా ప్రముఖ్ సిస్టమ్ అదే. ఓటరు లిస్ట్‌ల ఒక్కో పేజీకి ఒక్కో మనిషి, ఆ పేజీల ఉన్న ఇండ్లే వాని బాధ్యత. మిగతా పార్టీలు కూడా బూత్ కమిటీ అని ఏదో ఒక పేరుతోని చేస్తయి, కాగితం మీద ఉన్నంత గ్రౌండ్‌ల ఉండదు.

పద్మారావునగర్_పెద్దాయన:
నాకో సందేహం. నా ఫోన్ నంబరు వాళ్లకెలా వెళ్లింది? ఓటరు జాబితాలో ఫోన్ నంబర్లు ఉండవు కదా.

నల్లకోటు:
ఉండవు సార్. పార్టీలకిచ్చే జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు లాంటివే ఉంటాయి. ఫోన్ నంబర్లు మెడికల్ క్యాంపులో రాసిన రిజిస్టర్ నుంచి, గణేష్ మండపం చందా పుస్తకం నుంచి, కొన్నిసార్లు మన సొంత అసోసియేషన్ లిస్ట్ నుంచే వెళ్తాయి, బయట అమ్మేవాళ్లు వేరే.

మిగతా వాళ్లకి పనికొచ్చేవి కూడా రాస్తా. పోలింగ్ ముగిసే టైమ్‌కి ముందు 48 గంటలు ప్రచారం బంద్, ప్రజాప్రాతినిధ్య చట్టం 126 సెక్షన్, ఆ టైమ్‌లో బల్క్ ఎస్ఎంఎస్‌లు కూడా పంపకూడదు. పాంప్లెట్ మీద ప్రింటర్ పేరు, పబ్లిషర్ పేరు లేకపోతే 127ఏ కింద నేరం, పేరు లేకుండా అవతలివాణ్ణి తిట్టే కరపత్రం మీ గేటులో పడితే తిప్పి చూడండి, అడుగున ఏమీ ఉండదు. టీవీ, సోషల్ మీడియా యాడ్‌లకి ముందే ఎన్నికల అధికారుల మీడియా కమిటీ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. ఉల్లంఘన కనిపిస్తే ఎన్నికల సంఘం సీవిజిల్ యాప్‌లో ఫొటో పెట్టొచ్చు, 100 నిమిషాల్లో తేల్చాలని పెట్టుకున్నారు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. నవ్వుతారని తెలుసు, చట్టంలో ఉన్నది చెప్తున్నా.

నాంపల్లి_టేషన్:
40 లక్షలా?? మా గల్లీల ర్యాలీకి బిర్యానీ బిల్లే... సరే వద్దు, వకీల్ సాబ్ ఉన్నడు.

కేపీహెచ్‌బీ_మూడో_ఫేజ్:
ఇంతకీ ట్విట్టర్ సంగతేంటండీ? కేటీఆర్ గారు మంత్రిగా ఉన్నప్పుడు ట్యాగ్ చేస్తే హాస్పిటల్ సాయం దగ్గర్నుంచి రోడ్డు గుంత దాకా రిప్లై వచ్చేది, మా ఐటీ జనం అదే గొప్ప పాలన అనుకునేవాళ్లం. 2023లో సిటీ సీట్లు చాలామటుకు బీఆర్ఎస్‌కే వచ్చాయి, కాంగ్రెస్‌కి సిటీలో ఒక్కటి రాలేదు, జిల్లాల్లో గెలిచి ప్రభుత్వం వాళ్లు పెట్టారు. ట్విట్టర్ ఉన్నచోట పని చేసింది, లేనిచోట చెయ్యలేదు అనుకోవచ్చా?

లెక్కల_మాస్టారు:
అలా ఒక్కదానికి ముడిపెట్టలేం. ఊళ్లల్లో మాట వేరే ఉండేది, పెద్దసారు (కేసీఆర్) ఎవరికీ కనపడడు, ఆయనుండే ప్రగతి భవన్ గేటు దాటలేం అని. అందుకే రేవంత్ రెడ్డి 2023 డిసెంబర్ 7న ప్రమాణం చేస్తున్న రోజే బేగంపేటలో ఆ భవన్ ముందున్న ఇనుప కంచె తీయించారు, ప్రజాభవన్ అని పేరు మార్చారు, మర్నాడు ప్రజాదర్బార్ పెట్టి అర్జీలు తీసుకున్నారు. ఒక్క ప్రసంగం కూడా అక్కర్లేకుండా చెప్పాల్సింది చెప్పేశారు, జేసీబీ కంచె పీకే వీడియో చాలు. తర్వాత అది ప్రజావాణి అయింది, మంగళ, శుక్రవారాల్లో, అర్జీలు తీసుకునేది ఎక్కువగా అధికారులే. కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణి ఎప్పట్నుంచో ఉన్నదే. మొదటి రోజు క్యూ ఫొటోలు అందరూ చూశారు, మీ అర్జీ ఏమైందో చెప్పే ఫోన్ ఎంతమందికి వచ్చిందన్నదే నేను అడిగేది, ఏ ప్రభుత్వాన్నయినా.

పాతబస్తీ_పోరడు:
అర్జీకి నంబర్ ఇస్తరు. నంబర్‌తోని మళ్ల మా కార్పొరేటర్ దగ్గరికే పోవాలె 😄

ఫ్లాట్_304:
సరే, అందరూ కలిసి నన్నే దోషిని చేశారు కానీ విషయం అర్థమైంది. గ్రూపులో ఫొటో పెడితే ఆ అడ్మిన్లకి నేను గొడవ చేసే తలనొప్పిని, అంతే. వార్‌రూం గారూ, మరి పని కావాలంటే ఏం చెయ్యాలి? లోపల్నుంచి చూసినవాళ్లు మీరు.

వార్‌రూం_మాజీ:
గ్రూప్‌ల పెట్టకండి, అందరి ముందర అడిగితే ఇజ్జత్ కా సవాల్ అయితది. అసోసియేషన్ లెటర్ హెడ్ మీద రాయండి, సమస్య రెండు లైన్లు, దాని కింద పోలింగ్ స్టేషన్ నంబర్, అపార్ట్‌మెంట్ల ఇక్కడ ఓటున్నోళ్లు ఎంతమంది అన్నది. పక్క రెండు అపార్ట్‌మెంట్లను కూడ కలుపుకోండి. సార్ చేతికి కాదు, పీఏ చేతికియ్యండి, ఫైల్ నడిపేది ఆయన. కార్పొరేటర్‌కు ఒక కాపీ, వాటర్ బోర్డుల మేనేజర్‌కు ఒక కాపీ, ముగ్గురికీ మిగతా ఇద్దరికి ఇచ్చినట్టు తెలియాలె. ఊళ్లల్ల ఓటున్నోళ్లు ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8, ఆన్‌లైన్‌ల అయిపోతది. అది చేసినంక వచ్చే లిస్ట్‌ల మీ పేర్లు పెరిగినయని బూత్ ఏజెంట్ ఎవరూ చెప్పకముందే చూస్తడు.

రెండో_గల్లీ_అక్క:
మా గల్లీ డ్రైనేజీ కూడ మీ లైన్‌కే కలుస్తదేమో చూడు తమ్మీ, ఒకటే లైనైతే మా సంఘం లీడర్‌ను కూడ సంతకం పెట్టమందం. మీ లెటర్ హెడ్, మా ఓట్లు.

ఫ్లాట్_304:
అక్కా ఏ ఏరియా మీది? ప్రైవేట్ మెసేజ్ పెడతా. ఆదివారం మా వాళ్లతో మీటింగ్ ఉంది, అందులో పెడతాను.

నాంపల్లి_టేషన్:
304 అన్నా, లెటర్ ఇచ్చేటప్పుడు ఫొటో పక్కా తీస్తరు. మంచి షర్ట్ ఏసుకొని పో.